ఇంటి వీడియోలకు ఏ కంప్యూటర్: మాక్ మినీయా, అసెంబుల్డ్ సిస్టమా?

ఇంట్లో తీసుకున్న వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి తక్కువలో ఒక కంప్యూటర్ కావాలని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లోని కంప్యూటర్ షాపుకి వెళ్లినా ముందుగా వినిపించే మాట గ్రాఫిక్ కార్డు. గేములు ఆడే కుర్రాళ్లకు ఆ సలహా సరైనదే. పెళ్లిళ్లు, బారసాలలు, అమ్మమ్మ చెప్పిన కబుర్లు ఎడిట్ చేసుకునే ఇంటికి మాత్రం లెక్క వేరు. అక్కడ చూడాల్సినవి రెండే. ఫోన్ తీసిన ఫైలును ఈ కంప్యూటర్ ఎంత తేలిగ్గా విప్పగలదు? తీసినవన్నీ ఏళ్ల తరబడి ఎక్కడ దాస్తుంది? ఈ రెండు ప్రశ్నలతోనే ఇక్కడ రెండు కంప్యూటర్లను పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి 2024 చివర్లో వచ్చిన ఎం4 చిప్ మాక్ మినీ. రెండోది ఇంటెల్ కోర్ ఐ5-12400 చిప్‌తో షాపులో కట్టించుకునే అసెంబుల్డ్ సిస్టమ్. 2022లో వచ్చిన చిప్ అయినా ఇంటి పనికి దానికి ఇప్పటికీ ఏ లోటూ లేదు.

ముందు విప్పడం సంగతి. ఇప్పటి ఫోన్లు చాలా హెచ్.265 పద్ధతిలో వీడియో దాస్తాయి. ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచవు. ఒక బొమ్మను పూర్తిగా దాచి, ఆ తర్వాత వచ్చేవాటిలో మారిన భాగాలను మాత్రమే రాసుకుంటాయి. అందుకే ఫైలు అంత చిన్నగా ఉంటుంది. మామూలుగా చూసేటప్పుడు దీనివల్ల ఇబ్బంది ఉండదు. ఎడిటింగ్‌లోనే తెలుస్తుంది. ముహూర్తం వేళ వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టే క్లిప్ తీసుకోండి. గట్టిమేళం అందుకున్న క్షణానికి సరిగ్గా కట్ పడాలి. దానికోసం టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతూ చూస్తారు. జరిపిన ప్రతిసారీ కంప్యూటర్ వెనకనున్న పూర్తి బొమ్మ దాకా వెళ్లి, అక్కడి నుంచి మార్పులన్నీ కలుపుకుంటూ మీరు ఆగిన ఫ్రేము దగ్గరికి రావాలి. ఈ పనికి చిప్‌లో ప్రత్యేకంగా సర్క్యూట్ ఉంటే బొమ్మ చేతి వెంటే కదులుతుంది. లేకపోతే డోలు మోత ముందు వినబడి, చేయి తల మీద పడే దృశ్యం తర్వాత వస్తుంది. ఆ స్థితిలో ఎంత ఓపిక ఉన్నవాళ్లయినా కట్ సరిగ్గా వేయలేరు. ఇల్లాళ్లూ రిటైరైనవాళ్లూ ఎంతో ఇష్టంగా ఎడిటింగ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేయడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. తమకు చేతకాదనుకుంటారు. లోపం వాళ్లది కాదు, కంప్యూటర్‌ది.

ఈ పరీక్షలో మాక్ మినీది స్పష్టమైన పైచేయి. హెచ్.264, హెచ్.265 రెండింటినీ విప్పే సర్క్యూట్ ఎం4 చిప్‌లోనే ఉంది. దాన్ని పూర్తిగా వాడుకునే ఐమూవీ కంప్యూటర్‌తోపాటే ఉచితంగా వస్తుంది. చిప్ చేసినవాళ్లే సాఫ్ట్‌వేరూ రాశారు కాబట్టి కొన్నవాళ్లు సెట్టింగుల జోలికి పోనక్కర్లేదు. ఐఫోన్ 12 నుంచి వచ్చే హెచ్‌డీఆర్ వీడియో కూడా ఇందులో రంగులు చెడకుండా తెరుచుకుంటుంది. అదే ఫైలును విండోస్‌లో మామూలు మానిటర్ మీద తెరిస్తే తెల్ల పంచెలు వెలుగులో కలిసిపోయి, ముఖాలు పాలిపోయినట్టు కనిపించడం తరచూ జరుగుతుంది. విండోస్‌లో ఎడిట్ చేసే ఉద్దేశం ఉంటే ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేయడం మేలు.

అసెంబుల్డ్ వైపు కథ కాస్త చిక్కు, కానీ తెలుసుకోదగ్గది. ఇంటెల్ తన చిప్‌లోని గ్రాఫిక్స్ భాగంలో వీడియో విప్పే సర్క్యూట్‌ను క్విక్ సింక్ పేరుతో 2011 నుంచే ఇస్తోంది. 12400లో అది బాగా పనిచేస్తుంది. అయితే షాపుల్లో తరచూ చేతిలో పెట్టేది 12400ఎఫ్. ఎఫ్ అక్షరం ఉన్న చిప్‌లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, దానితోపాటే క్విక్ సింక్ కూడా పోతుంది. ధర కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గినదానికి మించిన డబ్బుతో గ్రాఫిక్ కార్డు కొనాల్సి వస్తుంది. ఇంటి వీడియోల కోసం ఇది తప్పు బేరం. పెళ్లి తీసిన స్టూడియోవాళ్లు ఇచ్చే హార్డ్ డిస్కులో మంచి కెమెరాల 10-బిట్ 4:2:2 రకం ఫైళ్లు ఉండొచ్చు. హెచ్.265లో ఉన్న అలాంటి ఫైళ్లను విప్పే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలోని మామూలు గ్రాఫిక్స్‌కు 2021లో వచ్చిన 11వ తరం నుంచే ఉంది. ఎన్విడియా గ్రాఫిక్ కార్డులకు ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ రాలేదు. ఖరీదైన కార్డు పెట్టించుకున్నంత మాత్రాన పెళ్లి ఫైళ్లు సాఫీగా ఆడతాయన్న హామీ లేదన్నమాట.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. చిప్‌లో శక్తి ఉండటం ఒకటి, సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోవడం మరొకటి. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ తేలిగ్గా ఉంటుంది, కానీ డబ్బు కట్టకపోతే 1080పి దాకానే ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. డావిన్చీ రిసాల్వ్ ఉచిత ప్రతి చాలా గొప్ప సాఫ్ట్‌వేర్. 4కె దాకా బయటికి తీస్తుంది, వాటర్‌మార్క్ వేయదు. కానీ మసక వెలుతురులో తీసిన వీడియోలోని గరుకు చుక్కలు (నాయిస్) తగ్గించడం వంటి పనులు డబ్బు కట్టిన ప్రతిలోనే ఉంటాయి. డబ్బు మిగులుతుందని లినక్స్ ఎక్కించి అందులో రిసాల్వ్ ఉచిత ప్రతి వేస్తే మీ ఫోన్ వీడియో తెరుచుకోనే తెరుచుకోదు. లినక్స్ అయితే కెడెన్‌లైవ్ వంటి ఉచిత ఎడిటర్‌కే వెళ్లాలి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా తడబడుతుంటే ప్రాక్సీ అనే ఉపాయం ఉంది. ప్రతి క్లిప్‌కూ ఒక తేలిక నకలు తయారుచేసుకుని, ఎడిటింగ్ అంతా దాని మీద చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయడం. రిసాల్వ్, కెడెన్‌లైవ్ రెండింటిలోనూ ఇది ఉంది. రాత్రి ప్రాక్సీలకు పెట్టి పడుకుంటే పొద్దున్నకి సిద్ధం. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే విప్పడంలో మాక్‌కూ అసెంబుల్డ్‌కూ ఉన్న తేడా చాలావరకు పోతుంది.

ఐమూవీకీ పరిమితులున్నాయి. అసలు వీడియో మీద ఇంకొక్క వీడియో పొర మాత్రమే పెట్టనిస్తుంది. నిలువుగా తీసిన ఫోన్ వీడియోలను నిలువుగానే కూర్చి వాట్సాప్‌లో పెట్టుకోవాలంటే ఇబ్బంది పెడుతుంది. అప్పుడు మాక్‌లోనూ రిసాల్వ్ వేసుకోవాల్సిందే.

ఇక దాచడం. ఐఫోన్ సెట్టింగుల్లోనే లెక్క కనిపిస్తుంది. 4కెలో సెకనుకు 30 ఫ్రేములు తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ, 60 ఫ్రేములైతే 400 ఎంబీ. అంటే 60 ఫ్రేములతో గంట తీస్తే 24 జీబీ. ఒక పెళ్లికి ఇంట్లో నలుగురి ఫోన్లలో పోగయ్యేదాన్ని ఈ లెక్కన చూడండి. తక్కువ ధర మాక్ మినీలో ఉన్నది 256 జీబీ. అందులో సిస్టమ్, సాఫ్ట్‌వేర్లు పోగా మిగిలింది రెండు పెళ్లిళ్లకు కూడా చాలకపోవచ్చు. విడుదలైనప్పుడు మన దేశంలో దాని ధర 59,900 రూపాయలు. 512 జీబీ కావాలంటే 79,900. అంటే 256 జీబీ కోసం అదనంగా 20,000. ఆ డబ్బు అక్కడ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. తక్కువ మోడలే తీసుకుని, బయట పెట్టుకునే ఎస్ఎస్‌డీ కొని, ఐమూవీ లైబ్రరీని దాని మీద పెట్టుకోవచ్చు. ర్యామ్ 16 జీబీ ఇస్తున్నారు, అది ఇంటి పనికి చాలు. కానీ తర్వాత పెంచుకునే వీలు లేదు. మరో సంగతి, స్టూడియోవాళ్లు ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు ఇస్తే మాక్ దాన్ని చదువుతుందే తప్ప అందులో రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఇమ్మని ముందే చెబితే రెండిటికీ పనికొస్తుంది.

అసెంబుల్డ్ సిస్టమ్ అసలు బలం ఇక్కడే. సిస్టమ్‌కు ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, వీడియోలు దాచడానికి ఒక పెద్ద హార్డ్ డిస్కు, మూడేళ్ల తర్వాత అది నిండితే పక్కనే ఇంకొకటి. ర్యామ్ ఇప్పుడు 16 పెట్టించి, ఖాళీ స్లాట్ ఉంచుకుంటే తర్వాత 32 చేసుకోవచ్చు. ఎస్ఎంపీఎస్ పోతే ఊళ్లోనే మార్చే మనిషి ఉంటాడు. మాక్ మినీకి చిన్న పట్టణాల్లో ఆ సౌకర్యం లేదు, పెద్ద ఊరికి పంపాలి.

పాత రికార్డింగులున్న ఇళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది. తెలుగిళ్లలో బీరువా అడుగున పెళ్లి డీవీడీలు, కొందరి దగ్గర మినీ డీవీ టేపులు, వీహెచ్ఎస్ క్యాసెట్లు పడి ఉన్నాయి. డీవీడీ వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో, 720×576 పరిమాణంలో ఉంటుంది. డీవీడీలో ఉండే వీఓబీ ఫైళ్లను ఐమూవీ నేరుగా తీసుకోదు, హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ముందు మార్చుకోవాలి. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అయితే ఉన్నదున్నట్టే తెరుస్తాయి. ఆ రోజుల వీడియోలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా అల్లి ఉంటుంది. సరిచేయకుండా వాడితే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. డీఇంటర్లేస్ అనే ఆప్షన్ పెట్టాక గానీ ఎక్స్‌పోర్ట్ చేయకండి. మినీ డీవీ టేపుకు ఫైర్‌వైర్ తీగ కావాలి. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది, 13 జీబీ దాకా తీసుకుంటుంది. అసెంబుల్డ్ మదర్‌బోర్డులో ఫైర్‌వైర్ కార్డు గుచ్చుకోవచ్చు. ఆపిల్ అయితే 2025లో వచ్చిన మాక్ ఓఎస్ టాహో నుంచి ఫైర్‌వైర్‌కు మద్దతే తీసేసింది. టేపులున్న ఇంటికి మాక్ మినీ సరైన ఎంపిక కాదని చెప్పడానికి ఇది చాలు. ఆ టేపుల్లో ఇప్పుడు లేని తాతయ్యల గొంతులున్నాయి, మళ్లీ రికార్డు చేసుకునే వీలు లేనివి.

తెలుగు టైటిళ్ల సంగతి ఏ షాపులోనూ ఎవరూ చెప్పరు. “శ్రీరస్తు శుభమస్తు” అని టైపు చేస్తే ఒత్తులు విడిపోకుండా రావాలి. ఐమూవీ మాక్‌లోని తెలుగు ఫాంట్లతో సరిగ్గా చూపిస్తుంది. కెడెన్‌లైవ్‌లోనూ బాగానే వస్తుంది. అడోబీ ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా లిపుల ఆప్షన్ ఎంచుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా “లక్ష్మి”, “స్వాతంత్ర్యం”, “రాష్ట్రం” అని రాసి చూసుకున్నాకే అందులో పని మొదలుపెట్టండి. యూనికోడ్ కాని అను ఫాంట్స్‌తో చేసిన పాత ప్రాజెక్టులను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే మిగులుతాయి. అందుకని యూనికోడ్‌లోనే రాయండి.

కరెంటు విషయంలో మాక్ మినీకే మార్కులు. ఆపిల్ లెక్క ప్రకారం ఖాళీగా ఉన్నప్పుడు 4 వాట్లు, పూర్తి పనిలో 65 వాట్లు. చిన్న యూపీఎస్ మీదే చాలాసేపు నిలుస్తుంది. అసెంబుల్డ్‌కు ఇంకాస్త పెద్దది కావాలి. రెండిటికీ యూపీఎస్ తప్పనిసరే. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచీ చేయాలి.

ఆఫీసులు వదిలించుకున్న పాత బ్రాండెడ్ కంప్యూటర్ల గురించి ఒక్క మాట. చవకే, కానీ 8వ తరం ఇంటెల్ కంటే పాతది తీసుకోకండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 8వ తరం కన్నా పాత ఇంటెల్ చిప్‌లలో దాదాపు దేని మీదా విండోస్ 11 అధికారికంగా నడవదు.

ధర మాటకొస్తే, మాక్ మినీకి మానిటర్, కీబోర్డు, మౌస్ విడిగా కొనాలి. అసెంబుల్డ్‌లో విండోస్ లైసెన్సు ధర కలిపి అడగాలి. 2025 చివర్లో ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి రెండిటి మధ్య తేడా మునుపటంత లేదు. పాత కొటేషన్ నమ్ముకోకుండా కొనే రోజున కొత్తది రాయించుకోండి.

నా తీర్పు ఇది. ఇంట్లో మానిటర్ ఉండి, ఫోన్‌లో తీసినవే ఎడిట్ చేసుకునేవాళ్లు, ముఖ్యంగా ఐఫోన్ ఉన్నవాళ్లు, 256 జీబీ మాక్ మినీతో బయటి ఎస్ఎస్‌డీ ఒకటి కొనుక్కోండి. పని హాయిగా సాగుతుంది. పాత డీవీడీలు, టేపులు ఉన్న ఇంటికీ, ముగ్గురు నలుగురు వాడే ఇంటికీ ఎఫ్ లేని 12400తో అసెంబుల్డ్ సిస్టమే సరి. రెండిట్లో ఒకటే చెప్పమంటే మన ఇళ్లలో ఎక్కువమందికి నేను అసెంబుల్డే చెబుతాను. విప్పడంలోని లోటును ప్రాక్సీతో పూడ్చుకోవచ్చు, దాచడంలోని లోటును బయటి ఎస్ఎస్‌డీ కొంతవరకే తీరుస్తుంది. ఏది కొన్నా ముందు మీ ఫోన్‌లో తీసిన ఒక 4కె క్లిప్‌ను కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని షాపుకి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో పనికిరాదు, అందులో నాణ్యత అప్పటికే పోయి ఉంటుంది. ఆ క్లిప్‌ను టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరిపి చూపించమనండి. బిల్లు మీద చిప్ పేరు పూర్తిగా రాయించుకోండి. రెండో కాపీ కోసం ఇంకో హార్డ్ డిస్కు కూడా అదే రోజు కొనండి.