నీటిలో విషం, ఫొటోలో జ్ఞాపకం: 'మినమాటా' ఛాయాచిత్రాల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పర్యావరణ విధ్వంసాన్ని నమోదు చేయడంలో డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీకి ఉన్న శక్తిని, పరిమితులను వివరించగలుగుతారు.
• ఒక ఫొటోను దాని ముందువెనుకల ఫొటోలతో, వ్యాఖ్యతో, కాలంతో కలిపి విశ్లేషించగలుగుతారు.
• చరిత్రకు జ్ఞాపకంగా మిగిలిన ఫొటో మీద అందులోని మనిషికి ఉండే హక్కును చర్చించగలుగుతారు.

1. పరిచయం

వరద వస్తే ఫొటో తీయవచ్చు. కూలిన ఇల్లు, మునిగిన చేను కంటికి కనిపిస్తాయి. మరి నీటిలో కరిగిన విషాన్ని ఫొటో తీయడం ఎలా? అది నీటి నుంచి చేపలోకి, చేప నుంచి మనిషిలోకి కంటికి కనిపించకుండా చేరుతుంది. జబ్బు బయటపడే సరికి దాని కారణం ఎక్కడో వెనుక ఉండిపోతుంది.

ఈ సమస్యను ఎదుర్కొన్న ఛాయాచిత్ర గ్రంథాల్లో 1975లో వెలువడిన 'మినమాటా' ముఖ్యమైనది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డబ్ల్యూ. యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ కలిసి దానిని రూపొందించారు. అందులో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫొటో ఒకటి ఉంది. ఆ ఫొటోను ఈ పాఠంలో ముద్రించలేదు. అందుకు కారణం 6వ భాగంలో మీకు తెలుస్తుంది. అప్పటి వరకు మా వర్ణన ఆధారంగా చదవండి.

2. చారిత్రక నేపథ్యం

మినమాటా జపాన్ దక్షిణాన క్యుషు దీవిలో, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి 1968 వరకు అసిటాల్డిహైడ్ తయారు చేసింది. ఆ ప్రక్రియలో పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడేవారు. వ్యర్థజలాలతో పాటు మిథైల్ మెర్క్యురీ సముద్రంలోకి చేరింది. చేపలు, ఆల్చిప్పలు దానిని ఒంట్లో నిల్వ చేసుకున్నాయి. వాటిని తిన్న పిల్లులు పిచ్చిగా గెంతి చచ్చిపోయాయి. తరువాత మనుషులకు కాళ్లూ చేతులూ వణకడం, మాట తడబడటం, చూపు కుంచించుకుపోవడం మొదలైంది.

ఈ వ్యాధిని అధికారికంగా గుర్తించిన తేదీ 1956 మే 1. సేంద్రియ పాదరసమే కారణమని కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1959లో చెప్పారు. కర్మాగారం వ్యర్థాలే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది మాత్రం 1968లో. ఈ తొమ్మిదేళ్ల ఆలస్యాన్ని మీరు గుర్తుంచుకోండి. ఫొటోలకు సాక్ష్యం విలువ వచ్చింది ఈ ఆలస్యం వల్లనే. జపాన్ ఫొటోగ్రాఫర్ కువబారా షిసెయి 1960లోనే అక్కడ పని మొదలుపెట్టారు. కాబట్టి మినమాటాను ప్రపంచానికి చూపింది స్మిత్ ఒక్కరే అనుకోవడం సరికాదు.

3. స్మిత్ దంపతుల పద్ధతి

స్మిత్ రెండో ప్రపంచ యుద్ధాన్ని ఫొటోలు తీసి, 1945లో ఒకినావాలో తీవ్రంగా గాయపడ్డ వ్యక్తి. 'లైఫ్' పత్రికలో ఆయన ప్రచురించిన ఫొటో వ్యాసాలు, అంటే ఒక వరుసలో కథ చెప్పే ఫొటోల సమూహాలు, ఆ ప్రక్రియకే నమూనాలయ్యాయి. 1971లో దంపతులు మినమాటా చేరి మూడేళ్లు అక్కడే బాధితుల మధ్య నివసించారు. 1972 జనవరిలో కంపెనీకి చెందిన మరో కర్మాగారం దగ్గర బాధితుల బృందంతో ఉన్నప్పుడు స్మిత్ మీద దాడి జరిగింది. ఆయన చూపు దెబ్బతింది.

ఫొటోగ్రాఫర్ ఎవరి పక్షమూ వహించకూడదన్న వాదనను స్మిత్ అంగీకరించలేదు. చూసేవాడికి ఒక దృష్టి ఉంటుంది, దానిని దాచకుండా ఒప్పుకోవడమే నిజాయితీ అన్నది ఆయన వైఖరి. దీనిని మీరు అంగీకరించాలని లేదు. అయితే ఆయన పనిని విమర్శించేటప్పుడు 'పక్షపాతం చూపాడు' అని ఆగిపోతే చాలదు. ఆ పక్షం తీసుకోవడం వల్ల ఫొటోల్లో ఏది కనిపించింది, ఏది మరుగున పడింది అని అడగాలి.

4. ఒక ఫొటో పఠనం

1971 డిసెంబర్‌లో తీసిన నలుపు తెలుపు ఫొటో. జపాన్ ఇళ్లలో ఉండే స్నానపు తొట్టిలో తల్లి కూర్చుని, కూతురిని రెండు చేతుల మీద పట్టుకుని ఉంది. కూతురు పుట్టుకతోనే ఈ వ్యాధి బారిన పడింది. ఒళ్లు బిగుసుకుపోయింది, చేతి వేళ్లు వంకర తిరిగాయి, కళ్లు పైకి తేలి ఉన్నాయి. తల్లి చూపు మాత్రం కూతురి ముఖం మీదే ఉంది. చుట్టూ చీకటి, ఒక పక్క నుంచి వెలుగు.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి. మొదటిది, ఈ ఫొటో అనుకోకుండా దొరికినది కాదు. తల్లి అనుమతితో, ముందుగా మాట్లాడుకుని తీసినది. చీకటి కూడా కొంతవరకు స్మిత్ ముద్రణ గదిలో ఎంచుకున్నదే. అంత మాత్రాన అది అబద్ధం కాదు. ఆ స్నానం ఆ ఇంట్లో రోజూ జరిగేదే.

రెండవది, గర్భంలోని బిడ్డను మాయ విషం నుంచి కాపాడుతుందని వైద్యులు అంతకు ముందు నమ్మేవారు. మినమాటా ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. తల్లికి చేరిన విషం బిడ్డకు చేరింది. ఆ శాస్త్రీయ సత్యాన్ని ఈ ఫొటో ఇద్దరు మనుషుల మధ్య సంబంధంగా చూపుతుంది.

మూడవది, ఫొటోలో కంపెనీ లేదు. గొట్టం లేదు, పాదరసం లేదు. ఈ ఒక్క ఫొటోనే చూసినవారు తల్లి ప్రేమకు కదిలిపోతారు గాని, ఎవరు బాధ్యులని అడగకపోవచ్చు. దుఃఖం పూర్తిగా కనిపించి, కారణం కనిపించకపోవడం ఇలాంటి ఫొటోల ప్రధాన పరిమితి. దానిని పుస్తకంలోని మిగిలిన ఫొటోలు పూరిస్తాయి. సముద్రంలోకి తెరుచుకున్న వ్యర్థజలాల గొట్టం, వల లాగుతున్న జాలరులు, కంపెనీ అధికారులను నిలదీస్తున్న బాధితులు, 1973 మార్చిలో బాధితులకు అనుకూలంగా తీర్పు వచ్చిన నాటి ముఖాలు. ఈ వరుసలో చదివినప్పుడు స్నానపు తొట్టి ఫొటో జాలి కలిగించే దృశ్యంగా మిగలకుండా అభియోగంగా మారుతుంది. పుస్తకం బలం ఆ వరుసలో ఉందని మా అభిప్రాయం.

5. క్షణం, కాలం: భోపాల్‌తో పోలిక

ఇదే సమస్యను మన దేశంలో చూద్దాం. 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమందిని బలి తీసుకుంది. మట్టిలో పూడ్చుతున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్ నలుపు తెలుపుల్లో, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో ఫొటో తీశారు. రెండవది ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం పొందింది.

ఆ ఫొటో మన జ్ఞాపకంలో భోపాల్‌ను ఒక్క రాత్రిగా నిలిపింది. కాని కర్మాగారం ఆవరణలో మిగిలిన రసాయన వ్యర్థాలు చుట్టుపక్కల నేలను, భూగర్భ జలాలను కలుషితం చేస్తూ వచ్చాయి. అక్కడ నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థాలను పీథంపూర్‌కు తరలించింది 2025 జనవరిలో, అంటే నలభై ఏళ్ల తరువాత. పసిబిడ్డ ఫొటో ఆ నలభై ఏళ్లను చూపలేదు. అందుకే రఘు రాయ్ చాలా ఏళ్ల తరువాత మళ్లీ భోపాల్ వెళ్లి, బతికి ఉన్నవారిని ఫొటోలు తీసి 2002లో పుస్తకంగా తెచ్చారు. ఒకసారి తీసిన ఫొటో సంఘటనను గుర్తు చేస్తుంది. తిరిగి వెళ్లి తీసిన ఫొటో ఆ సంఘటన ఇంకా ముగియలేదని చెబుతుంది.

మినమాటాలో పరిస్థితి మరో రకం. పాదరసం కలిసిన బురదను తవ్వి, సముద్రతీరంలో కొంత భాగాన్ని పూడ్చారు. 1990 నాటికి సుమారు 58 హెక్టార్ల కొత్త నేల ఏర్పడింది. ఇప్పుడు అది ఉద్యానవనం. ఈ రోజు అక్కడ తీసిన ఫొటోలో చెట్లు, సముద్రం అందంగా కనిపిస్తాయి. వ్యాఖ్య లేకపోతే ఆ ఫొటో మనల్ని మోసగిస్తుంది. ప్రదేశం మరచిపోయినట్టు కనిపించినప్పుడు పాత ఫొటోల అవసరం పెరుగుతుంది.

6. ఫొటో ఎవరిది?

స్నానపు తొట్టిలోని ఆ కూతురు 1977లో, ఇరవై ఒకటో ఏట మరణించింది. ఫొటో మాత్రం పుస్తకాల్లో, ప్రదర్శనల్లో, కరపత్రాల మీద తిరుగుతూనే ఉంది. తమ బిడ్డకు ఇక విశ్రాంతి కావాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. కాపీరైట్ ఐలీన్ చేతిలో ఉంది. 1998లో ఆమె ఆ ఫొటో వాడకంపై నిర్ణయాధికారాన్ని ఆ తల్లిదండ్రులకు అప్పగించారు, కొత్తగా ప్రచురించడం ఆపారు. 2020లో మినమాటా పేరుతో వచ్చిన సినిమాలో ఆ దృశ్యం మళ్లీ తెర మీదికి రావడంతో చర్చ తిరిగి మొదలైంది.

ఈ చర్చలో రెండు వైపులా న్యాయం ఉంది. ఫొటోను దాచితే కంపెనీ చేసిన నేరాన్ని లోకం మరచిపోతుందని ఒక వాదన. ఒక తల్లి ఆనాడు ఇచ్చిన అనుమతి ఎప్పటికీ చెల్లుతుందనడం అన్యాయమని మరో వాదన. చరిత్రకు సాక్ష్యం అవసరమే. కాని ఆ సాక్ష్యం ఒక మనిషి నగ్న శరీరం. ఒకసారి ఆమె శరీరాన్ని కంపెనీ అడగకుండా వాడుకుంది. జ్ఞాపకం పేరుతో మనమూ అడగకుండా వాడుకుంటే తేడా ఏమిటి? ఆ ఫొటోను, ఆమె పేరును ఈ పాఠంలో ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఫొటో లేకుండానే మీరు మినమాటాను ఇంతవరకు అర్థం చేసుకోగలిగారు. ఐలీన్ నిర్ణయం పుస్తకం విలువను తగ్గించలేదని, అది బాధితుల పక్షాన నిలిచిన పనికి సహజమైన కొనసాగింపు అని మేము భావిస్తున్నాం. దీనితో మీరు విభేదించవచ్చు. కారణాలు చూపండి.

7. సారాంశం

పర్యావరణ విషం కంటికి కనిపించదు కాబట్టి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ దానిని మనుషుల శరీరాల ద్వారా చూపుతుంది. అందువల్ల ప్రతి ఫొటోను మూడు ప్రశ్నలతో చదవాలి: ఏం చూపింది? కారణాన్ని, కాలాన్ని ఎక్కడ వదిలేసింది? అందులోని మనిషికి దాని మీద ఏ అధికారం మిగిలింది?

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1959, 1968 సంవత్సరాల మధ్య జరిగిన ఆలస్యం మినమాటా ఫొటోల ప్రాధాన్యాన్ని ఎలా పెంచింది?
2. ఫొటో వరుసలో చదివినప్పుడు ఒక ఫొటో అర్థం ఎలా మారుతుంది? ఉదాహరణతో వివరించండి.
3. మీ ఊరి చెరువు, వాగు లేదా బావి పక్కన తీసిన పాత ఫొటో మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉందేమో వెతకండి. అదే చోట నిలబడి ఇప్పటి స్థితిని గమనించండి. ఆ ఫొటో చెప్పేది ఏమిటి, చెప్పలేనిది ఏమిటి? అందులో ఉన్నవారి అనుమతి తీసుకుని రెండు పేజీల్లో రాయండి.