మెరుపు చల్లారేదాకా

నూజివీడు తోటలో చిన్నరసం మామిడి చెట్టు నుంచి ముదురాకులు కోసి, కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి, ఆ పొడిని గట్టిగా అదిమితే రూపాయి బిళ్లంత బిళ్ల తయారవుతుంది. దాన్ని లేజర్ ముందు పెట్టి ఒక్క దెబ్బ కొడితే టప్‌మని చిన్న చప్పుడు. బిళ్ల మీద ఆవగింజంత తెల్లటి నిప్పు ఒకటి కనపడీ కనపడక మాయమవుతుంది. ఆ నిప్పు వెలుగును విడదీసి, ఆకులో ఏయే మూలకాలున్నాయో చదివే పద్ధతినే పొట్టిగా ‘లిబ్స్’ అంటారు. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నేను లేజర్ బలానికే ముచ్చటపడ్డాను. అసలు నేర్పంతా ఆ తర్వాతి ఎదురుచూపులో ఉందని మెల్లగా తెలిసింది.

ముందు ఆ దెబ్బ సంగతి. లేజర్ గుండెకాయ ఒక స్ఫటికపు కడ్డీ. యట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఈ స్ఫటికాన్ని ‘యాగ్’ అంటారు. అందులో కొద్దిగా నియోడిమియం కలుపుతారు. పక్కనున్న దీపం భగ్గుమన్నప్పుడు నియోడిమియం అయాన్లు ఆ శక్తిని నింపుకుంటాయి. అవి నింపుకుంటున్నంతసేపూ ‘క్యూ-స్విచ్’ వెలుగుకు దారి మూసి ఉంచుతుంది. చెరువు నిండేదాకా తూము దించి ఉంచి, నిండాక ఒక్కసారిగా ఎత్తినట్టు, సరైన క్షణంలో దారి తెరుస్తుంది. పోగైన శక్తంతా 5 నానోసెకన్లలో బయటికి దూకుతుంది. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి ఆనదు.

ఆ శక్తి ఎంతని లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 50 మిల్లీజౌళ్లు అనుకుందాం. ఐదు గ్రాముల బరువును మీటరు ఎత్తు లేపడానికి సరిపోతుంది, అంతే. కానీ 5 నానోసెకన్లలో ఖర్చయితే అది కోటి వాట్లు. దాన్ని కటకంతో మిల్లీమీటరులో పదోవంతు చుక్క మీదికి కూడదీస్తే చదరపు సెంటీమీటరుకు పదివేల కోట్ల వాట్లు దాటుతుంది. శక్తి పిసరంత, దాన్ని కుదించిన తీరే గొప్ప. ఆ చుక్క దగ్గర ఆకు పొడి కరగడానికి కూడా తీరిక లేకుండా ఆవిరవుతుంది. ఆవిరిలోని అణువులు విడిపోతాయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలగలిసిన ఈ వేడిముద్దే ప్లాస్మా. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలైతే, ఇది పదివేలు దాటుతుంది. అది చుట్టూ ఉన్న గాలిని ఒక్క తోపు తోస్తుంది. మనకు వినిపించిన టప్ అదే.

ఇప్పుడు వెంటనే కెమెరా తెరిస్తే దక్కేది తెల్లటి వెలుగు ఒక్కటే. అన్ని రంగులూ ఉంటాయి, ఏ మూలకం గుర్తూ ఉండదు. బంధం తెంచుకున్న ఎలక్ట్రాన్లు అయాన్ల పక్కగా దూసుకుపోతూ వంగినప్పుడల్లా ఎంత పడితే అంత శక్తిని వెలుగుగా వదులుతాయి. పచ్చికాయ కొరికి పండు రుచి చెప్పమన్నట్టే ఉంటుంది ఆ వెలుగును చదవబోవడం. కొన్ని వందల నానోసెకన్లు గడవాలి. ముద్ద ఉబ్బి చల్లారేకొద్దీ ఎలక్ట్రాన్లు తమ చోట్లకు చేరతాయి. పరమాణువు లోపల ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగేటప్పుడు కచ్చితంగా ఆ మెట్ల తేడాకు తగ్గ రంగునే వదులుతాయి. మొదట అయాన్ల గీతలు, ఆ తర్వాత మామూలు పరమాణువుల గీతలు, చివరికి కార్బన్, నైట్రోజన్ జతకట్టిన సయనోజెన్ పట్టీ 388 నానోమీటర్ల దగ్గర. ఒక్కొక్కటీ తన వంతు వచ్చినప్పుడే స్పష్టంగా పలుకుతుంది.

అందుకే కెమెరా ముందు ఒక ద్వారపాలకుణ్ని పెడతారు. వెలుగు పడితే ఎలక్ట్రాన్లను వదిలే పలుచటి పొర అది. దానికి వోల్టేజి ఇస్తేనే ఆ ఎలక్ట్రాన్లు ముందుకు సాగుతాయి. లోహపు రెక్కల షట్టర్ ఏదీ అందుకోలేని వేగంతో ఇది నానోసెకన్లలో తెరుచుకుని మూసుకుంటుంది. దెబ్బ పడ్డాక ఒక మైక్రోసెకను ఆగి, కొన్ని మైక్రోసెకన్లు మాత్రం తెరిచి ఉంచుతారు. ఇంకా ఆలస్యమైతే వెలుగే మిగలదు. ఈ ఆగడం ఎంతన్నది ఆకుకు ఒకటి, రాయికి ఒకటి, లోహానికి ఒకటి. చేయి తిరిగిన పరిశోధకులు దాని కోసమే రోజులు వెచ్చిస్తారు.

వచ్చిన వెలుగు సన్నని చీలిక గుండా స్పెక్ట్రోమీటర్‌లోకి వెళుతుంది. అక్కడ మిల్లీమీటరుకు వెయ్యికి పైగా గీతలు గీసిన గ్రేటింగ్ రంగులను వేరుచేస్తుంది. ఎంత సన్నగా వేరుచేయగలదన్నదే ప్రాణం. దీనికి మన పక్కనే ఒక సాక్ష్యం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అప్పటి పరిశీలనల్లో కనిపించిన పసుపు గీత మొదట సోడియానిదే అనిపించింది. సోడియం గీతలు 589.0, 589.6 దగ్గర ఉంటాయి. ఆ కొత్త గీత 587.6 దగ్గరిది. రెండు నానోమీటర్లు కూడా లేని ఆ ఎడంలోనే హీలియం దాగి ఉంది.

నూజివీడు పక్కనున్న ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం రామన్ శిష్యుడై కాంతి పరిక్షేపణ మీదే పేరు తెచ్చుకున్నారు. ఆయన దారి వేరు, లేజర్ పుట్టడానికి ముందుది. అయినా ఈ మామిడి తోటల మధ్య నుంచి వెలుగు చదివే మనిషి ఒకరు వెళ్లారన్నది నాకు ఇష్టమైన సంగతి.

మన ఆకు బిళ్ల విషయానికొస్తే, కాల్షియం 393.4, 396.8 దగ్గర జంట స్తంభాల్లా లేస్తుంది. పొటాషియం జంట 766.5, 769.9 దగ్గర ఎరుపు అంచున నిలుస్తుంది. రైతుకు ఎక్కువగా కావలసిన జింకు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. ఆకులో అది పది లక్షల్లో కొన్ని పదుల వంతులే. ఎన్నో దెబ్బల వెలుగును కూడితే తప్ప దాని గీత అడుగునున్న రొద లోంచి తల ఎత్తదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని ఆక్రెమ్ కేంద్రం వాళ్లు ఇంతకంటే చిక్కుముడి పట్టుకున్నారు. లిబ్స్‌తో పేలుడు పదార్థాలను గుర్తించడం. వాటిలో చాలావరకు ఉండేవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్. మామిడాకులోనూ ప్రధానంగా అవే. పైగా చుట్టూ ఉన్న గాలి తన నైట్రోజన్, ఆక్సిజన్‌లను కూడా నిప్పులో కలిపేస్తుంది. కనుక ఏ గీత ఉందన్నది చాలదు. ఏ గీత పక్కన ఏది ఎంత ఎత్తున ఉంది, సయనోజెన్ పట్టీ ఎంతసేపు వెలిగిందన్నవి కలిపి తూచాలి.

శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలే. అందులోనూ బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల చేసిన లిబ్స్ పరికరం ఒకటి ఇమిడింది. చంద్రుడి మీద ప్లాస్మాను అదిమి పట్టే గాలి లేదు. అది అడ్డూ అదుపూ లేకుండా విచ్చుకుని త్వరగా మసకబారుతుంది, చదవడానికి దొరికే వ్యవధి ఇంకా కురచ. అలాంటి చోట దక్షిణ ధ్రువానికి దగ్గరలో గంధకం ఉందని ఆ పరికరం నిర్ధారించింది. గంధకం గీతల్లో బలమైనవి కొన్ని లోతైన అతినీలలోహితంలో, కొన్ని పరారుణంలో ఉండి నేల మీదే సతాయిస్తాయి. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియం గీతలూ ఆ వర్ణపటంలో పడ్డాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం మాత్రం చిన్నది. ఈసారి పొడి చేయకుండా, రోడ్డు పక్క తోటలోంచి తెచ్చిన ఆకును కడగకుండా అలాగే లేజర్ ముందు పెట్టాలి. మొదటి దెబ్బకు సిలికాన్, అల్యూమినియం గీతలు పొడుగ్గా లేస్తాయి. అది బళ్లు రేపిన దుమ్ము. అదే చోట మళ్లీ కొడితే అవి కుంగుతాయి, ఆకు సొంత గీతలు పైకొస్తాయి. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ 7 మీటర్ల దూరం దాకా రాళ్లను ఇలాగే కొడుతుంది. దాని మొదటి కొన్ని దెబ్బల వర్ణపటాన్ని శాస్త్రవేత్తలు పక్కన పెట్టేస్తారు. అది ఆ గ్రహపు ఎర్రదుమ్ము. రాయి దాని కింద ఉంటుంది.