వలయమును చదువు నేర్పు

వీర్యకణముల సంఖ్యయు, చలనమును, ఆకృతియు సవ్యముగనే యున్నను సంతానము కలుగని దంపతులకు, ఆ కణముల శిరస్సులయందలి డీఎన్‌ఏ తునిగియున్నదో లేదో తేల్చి చెప్పు ల్యాబు టెక్నీషియను నేర్పు ఎంతయు శ్లాఘనీయము. కరగిన అగరోజు 37 డిగ్రీలకు చల్లారిన పిదప అందు వీర్యమును కలిపి, గాజుపలకపై చుక్కగా నుంచి, బుడగ చేరనీయక కవర్‌స్లిప్పు మూసి, 4 డిగ్రీల చలువలో గడ్డకట్టించి, ఆమ్లమునందును, మాంసకృత్తులను తొలగించు ద్రావణమునందును నియమిత కాలము మీరక ముంచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద వందలాది కణముల నొక్కొక్కటిగా లెక్కింపవలెను. డీఎన్‌ఏ చెక్కుచెదరని కణము చుట్టును, చంద్రునకు గుడి కట్టినట్లు, విశాలమైన వలయము విచ్చుకొనును. తునిగిన దానికి అది సన్నగిల్లును, లేదా అసలే యుండదు. ఇల్లాలినే తప్పుపట్టు లోకమునకు ఈ లెక్క సత్యమును చూపును. పొగ మానుటయో, వృషణసిరల వాపునకు చికిత్సయో, పురుషునకొక మార్గమును చూపును. వైద్యుడు ఈ పరీక్ష వ్రాసినచో, పురుషులారా, సంకోచింపకుడు.