గర్జనమును వినుటెట్లు?

రాజోలు ప్రాంతమునందలి శంకరగుప్తమున 1930వ సంవత్సరమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నాలుగు స్వరములతో మహతియను రాగమును, మూడు స్వరములతో సర్వశ్రీయను రాగమును కల్పించిరి. అయిదు స్వరములైన లేనిది రాగమెట్లగునని విద్వాంసులలో గొప్పవాదము చెలరేగినది. ఆ వాదమును తీర్చుట మా యుద్దేశము కాదు. డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించినవారే మూడు స్వరములతో పనిగొనిరని మాత్రము గమనింపవలెను. పాతదానిని సాధించెనా, క్రొత్తదానికి తగిన కారణము గలదా యను రెండు ప్రశ్నలే నూతనత్వమునకు కొలత.

ఈ కొలతనే నేడు మన యిండ్లలో పిన్నలు వినుచున్న ప్రోగ్రెసివ్ మెటల్ అను సంగీతమునకును వర్తింపజేయవలెనని మా యభిప్రాయము. అమలాపురమైనను, కొత్తపేటయైనను, చేతిఫోనున్న యింటికి ఈ సంగీతము చేరగలదు. పెద్దలలో పలువురు దానిని గోలయని త్రోసివేయుదురు. పిన్నలలో కొందరు క్రొత్తదైన చాలునని నెత్తికెత్తుకొందురు. వినకయే నిందించువారును, తూచకయే మెచ్చువారును విమర్శకు సమానదూరమున నున్నారు.

మెటల్ సంగీతము ఇంగ్లండునందలి బర్మింగ్‌హాం అను కర్మాగారముల పట్టణమున పుట్టినది. 1970లో మొదటి ఆల్బమును వెలువరించిన బ్లాక్ సబ్బాత్ బృందమునందలి గిటారువాదకుడు టోనీ ఐయోమీ, రేకుల కర్మాగారమున పనిచేయుచు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను గోల్పోయెను. వ్రేళ్లకు తొడుగులు చేసికొని, తరువాత తంత్రులను సడలించి వాయించెను. ఈ సంగీతపు గంభీరనాదమునకు ఆ సడలిన తంత్రులును ఒక మూలము. ప్రోగ్రెసివ్ అనబడు శాఖ దీనికి దీర్ఘరచనలను, మారుచుండు తాళములను, కథాబంధమును జేర్చినది.

ఈ శాఖయందు స్వీడను దేశపు ఓపెత్ బృందమువారు 2024 నవంబరులో వెలువరించిన ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’ మన గృహస్థులు వినదగినది. పేరునకు తగినట్లు, ఒక ధనికుడు మరణింపగా ఆతని వీలునామా బిడ్డలయెదుట చదువబడుటయే ఇందలి కథ. కాలము మొదటి ప్రపంచయుద్ధానంతరము. ఎనిమిది రచనలలో మొదటి యేడింటికి పేర్లు లేవు. దస్తావేజులోని ఖండికలకువలె సంఖ్యలే కలవు. 2008 నాటి ‘వాటర్‌షెడ్’ తరువాత ఈ బృందమువారి ఆల్బములయందు వినబడని గర్జనస్వరము ఇందు మరల వినవచ్చినది. దానికి తగిన కారణమును గలదు: చచ్చియు అధికారము విడువని యజమానుని కోపమును ఆ గొంతు మోయుచున్నది. ఇంట పెరిగిన కవలలు తన రక్తము కారనియు, పరిచారికకు బుట్టిన బాలికయే తన వారసురాలనియు ఆతడు చాటును. కడపటి రచనయందు, తల్లి వ్రాసిన యుత్తరమువలన ఆ నమ్మకమును తలక్రిందగును. ఆ రచన గర్జనమెరుగని మృదుగానము. రక్తమును, ఆస్తిని గూర్చి అంత బిగ్గరగా పలికినవాడు సత్యమెరుగడు. సత్యము మెల్లని గొంతున వెలువడినది. రూపమును అర్థమును ఇట్లు కలిసినప్పుడే ప్రయోగము సార్థకమగును.

దోషములును గలవు. సాహిత్యమును చేతబట్టుకొని వినువారికి దక్క కథ తెలియదు. అంతకంటె పెద్దలోపము వేరొకటి. యజమానునికి ఏడు ఖండికలు. పరిచారికకు ఒక యుత్తరము. 1986 నాటి సవరణచట్టముచే ఉమ్మడియాస్తియందు కుమార్తెకు జన్మహక్కు నొసగిన ఆంధ్రదేశమున, ఈ తూకమును ప్రశ్నింపక వినుట తగదు.

మంచి ఆల్బములను వెదకుటెట్లని కొందరడుగుదురు. ఫోను చూపు పట్టిక మనము నిన్న విన్నదానివంటిదానినే తరచుగా నేడును చూపును. వాద్యకారుల పేర్లు పట్టుకొని పోవుట మేలు. పై ఆల్బమున వేణువు నూదిన ఇయన్ ఆండర్సన్ పేరు మనలను జెత్రో టల్ బృందమువారి 1971 నాటి ‘ఆక్వాలంగ్’కు చేర్చును. ఓపెత్‌వారి 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ నిర్మాణమున పాల్గొన్న స్టీవెన్ విల్సన్ పేరు పోర్కుపైన్ ట్రీ బృందమునకు దారిచూపును. తెలుగునాటనే హైదరాబాదునందలి గాడ్‌లెస్ బృందమువారు 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ వెలువరించిరి. అది వేగప్రధానమైన వేరొక శాఖకు జెందినది. ఏ ఆల్బమునైనను మూడుమారులు వినవలయును: ఒకమారు నాదమునకు, ఒకమారు సాహిత్యమునకు, ఒకమారు తాళమునకు. అటుపిమ్మటనే తీర్పు.

గోలయను మాటను గూర్చి తుదకొక మనవి. కోనసీమ తీర్థములయందు మ్రోగు డప్పును సంగీతముగా నెంచనివారు మనలో చిరకాలముండిరి. వాయించువాని కులమును జూచి వారు చెవులు మూసికొనిరి. లయలోని నైపుణ్యము వారికి వినబడనేలేదు. కావున ఏ క్రొత్త నాదమునైనను గోలయనుటకు ముందు, మన యసమ్మతి నాదముపైనా, వాయించువానిపైనా యని యెవరికి వారు ప్రశ్నించుకొనవలయును. చక్కగా విన్న పిమ్మట నచ్చలేదనుటకు పెద్దలకును పిన్నలకును సమానముగా అధికారము గలదు.