విడిచిపెట్టుటయు కావలియే

అణువంత తేడాకైనను ఒక కారణముండునని ఈ శీర్షికలో పలుమారులు వ్రాసినవాడను గనుక, ఈ వారము ఒక కంప్యూటర్ కేంద్రమున నెట్‌వర్క్ కావలిని నాకు చూపిన యువకుడు, "పెద్ద ఫ్లోలను మొదట్లో కాస్త చూసి, మిగతాది వదిలేస్తామండీ" అని చెప్పినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. చూడక వదలివేయుటకు కావలి యెందుకు?

ఇంటికి వచ్చుచు దారిపొడుగునను క్లిఫర్డ్ స్టోల్‌ను తలచుకొంటిని. 1986లో, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో, ఖగోళశాస్త్రము నుండి కంప్యూటర్ల నిర్వహణకు మారిన ఆయనకు అప్పగింపబడిన తొలి పని, కంప్యూటర్ వాడుక తాలూకు రెండు లెక్కల నడుమ 75 సెంట్ల తేడా ఏల వచ్చెనో తేల్చుట. మరియొకరైనచో చిల్లరయే గదా యని కొట్టివేసియుందురు. ఆయన ఆ చిల్లర వెంటబడి, అరువు తెచ్చిన ప్రింటర్లను లైన్లకు తగిలించి, వాటి నడుమనే నిద్రించి, కంప్యూటర్లలోనికి దొంగతనముగా చొరబడిన ఆగంతకుడు కొట్టిన ప్రతి అక్షరమును కాగితముపై పట్టి, నెలల తరబడి జాడ తీసి, తుదకు పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమున నున్న మార్కస్ హెస్ వరకు పోయెను. అపహృతమైన సమాచారము సోవియట్ గూఢచారులకు అమ్ముడగుచుండెనని అప్పుడు తేలినది.

అయితే ఆ ఆగంతకుడు వచ్చినది సెకనుకు 1,200 బిట్ల మందగమనమున. కాగితము దానిని అందుకొనగలిగెను. నేడు 100 గిగాబిట్ల మార్గమున అతిచిన్న ప్యాకెట్లే ఎడతెగక వచ్చినచో, సెకనుకు 14 కోట్ల 88 లక్షలు! సర్వమును పరీక్షింపబూనిన యంత్రము ఉక్కిరిబిక్కిరియై, ఏది జారిపోవుచున్నదో తానెరుగకయే జారవిడుచును. కావుననే, అదే ప్రయోగశాలనుండి వెర్న్ పాక్సన్ 1998లో వెలువరించిన, నేడు జీక్ అను పేర బరగుచున్న నెట్‌వర్క్ కావలి సాధనమును అక్కడివారే 100 గిగాబిట్లకు విస్తరించినపుడు, పరిచితములైన మహాప్రవాహముల (ఆ యువకుడన్న పెద్ద ఫ్లోల) నడిమి భాగపు నకలును స్విచ్చి వద్దనే నిలిపివేసి, ఆరంభ సమాప్తులను తెలుపు ప్యాకెట్లను మాత్రము పరీక్షకు రానిచ్చిరి. టీసీపీ అను ప్రసార నియమావళి వేయు వరుస సంఖ్యలలో తొలిదానికిని తుదిదానికిని గల అంతరమే, ఆ సంఖ్యలు చుట్టు తిరిగి మరల మొదటికి రానంతవరకు, ఎన్ని బైట్లు పోయెనో చెప్పును.

లెక్కల పుస్తకములోని ప్రారంభపు నిల్వ, ముగింపు నిల్వ వంటివే యివి! స్టోల్ కూడ ముందుగా చూచినది మొత్తములనే; అవి సరిపోలనందున గదా ఆయన అక్షరముల దాక దిగినాడు! నడుమ దాగిన కీడు ఒకప్పుడు తప్పిపోవచ్చును. ఆ నష్టమునెరిగి ఎన్నుకొన్నవాడు, ఎరుగక పోగొట్టుకొన్నవానికన్న మేలైన కావలివాడని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. అయినను మరల ఆ కేంద్రమునకు పోయినచో ఆ యువకుని ఒక్క మాట అడుగక మానను: నాయనా, వదలిన ప్రవాహముల మొత్తములను ప్రొద్దున కూర్చుండి సరిచూచునది ఎవరు?