పాత డీజిల్ ఇంజిన్ మళ్లీ బండికి

హైదరాబాద్‌లో అమీర్‌పేటకు ఉత్తరాన, పంజాగుట్టకు తూర్పున సాగే రైలుదారి నూటయాభై ఏళ్ల నాటిది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం ప్రభుత్వం వేయించిన లైను 1874లో మొదలైంది. ఇప్పుడు నేచర్ క్యూర్ హాస్పిటల్, బేగంపేట స్టేషన్లు ఆ దారి మీదే ఉన్నాయి. బేగంపేట దాటాక హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర ఒక పాయ విడిపోయి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి చేరుతుంది. ఈ దారిలో మూడు తరాల ఇంజిన్లు బండ్లు లాగాయి. మొదట బొగ్గు ఇంజిన్, తర్వాత డీజిల్, 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ అనే నగర రైలు సేవతోపాటు లోకల్ బండ్లకు కరెంటు. నాంపల్లి నుంచి ముంబై వెళ్లే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఏళ్ల తరబడి డీజిల్ ఇంజిన్ వెనకే ఖైరతాబాద్ దాటింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు బండి కనిపించకముందే కాళ్ల కింద నేల అదిరేది.

ఆ అదురు ఆల్కో ఇంజిన్‌ది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఉన్న అమెరికన్ లోకోమోటివ్ కంపెనీకి ఆల్కో అని పొట్టి పేరు. డబ్ల్యూడీఎం-2 తరగతి ఇంజిన్లు అక్కడి నుంచి 1962లో రావడం మొదలైంది. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ వాటిని ఇక్కడే తయారుచేసింది. తల్లి కంపెనీ 1969లో మూతపడినా, ఆ డిజైన్ భారతదేశంలో దశాబ్దాలపాటు బతికింది. ఈ ఒక్క తరగతిలోనే రెండు వేల ఆరు వందలకు పైగా ఇంజిన్లు తయారయ్యాయి. కాజీపేట, మౌలాలి, గుత్తి, విశాఖపట్నం షెడ్ల పేర్లు రైలు పిచ్చి ఉన్న తెలుగు పిల్లలకు ఊళ్ల పేర్ల కంటే ముందు ఇంజిన్ పక్కన రాసిన అక్షరాలుగా తెలుసు.

డీజిల్ ఇంజిన్ అన్న పేరు సగమే చెబుతుంది. చక్రాలను తిప్పేది కరెంటే. పదహారు సిలిండర్ల యంత్రం జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు ఆరు ఇరుసుల మీది ఆరు మోటార్లకు అందుతుంది. డబ్ల్యూడీఎం-2 శక్తి 2,600 హార్స్‌పవర్. ఊరికే నిలబడి ఉన్నప్పుడు యంత్రం నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది, వేగం పెంచే పిడి ఎనిమిదో మెట్టులో, అంటే ఎనిమిదో నాచ్‌లో, 1,000 చుట్లు. ఈ రెంటి మధ్య ఉన్న మెట్లన్నీ లోకో పైలట్ చేతి పనితనం. పొగ గొట్టం నుంచి వెళ్లే వేడిగాలితో తిరిగే టర్బో, యంత్రానికి కావలసిన గాలిని లోపలికి నెడుతుంది. నాచ్ గబగబా పెంచితే డీజిల్ ముందు చేరుతుంది, గాలి వెనక చేరుతుంది. అందుకే స్టేషన్ వదిలేటప్పుడు ఆల్కో నెత్తిన నల్లటి పొగ లేచేది. చేయి తిరిగిన పైలట్ ఒక్కో నాచ్ దగ్గర యంత్రం ఊపిరి అందుకునేదాకా ఆగి, శబ్దం తేరుకున్నాక తర్వాతి నాచ్‌కు వెళ్తాడు. పుస్తకం చదివి ఈ ఆగడం తెలుసుకోవచ్చు గానీ, ఎంతసేపు ఆగాలో చెవి చెప్పాల్సిందే.

ఆల్కో నడపడంలో ఇంకో కష్టం చూపుది. పైలట్ గది ఒక చివరే ఉంటుంది. యంత్రం ఉన్న పొడుగు పెట్టె ముందుకు వచ్చేలా బండి నడిస్తే, ఎదురుగా కనిపించేది ఇనుప గోడే. పక్క కిటికీలోంచి చూస్తూ పట్టాలను, సిగ్నళ్లను పట్టుకోవాలి. కొన్ని వంపుల్లో సిగ్నల్ ఒకవైపు కూర్చున్న పైలట్‌కు కాక, ఎదుటివైపు అసిస్టెంట్‌కే కనిపిస్తుంది. అప్పుడతను చూసి గట్టిగా చెబుతాడు, పైలట్ తిరిగి అదే మాట పలుకుతాడు. ఒకరు చూసి ఇంకొకరు నడిపే ఈ అలవాటు కలిసి పనిచేస్తేనే వస్తుంది.

వాలులో డైనమిక్ బ్రేకు పని మొదలవుతుంది. మోటార్లే జనరేటర్లవుతాయి. బండి వేగం కరెంటుగా మారి, ఇంజిన్‌లోని నిరోధకాల్లో వేడిగా ఆరిపోతుంది. నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లె మధ్య దిగే బండికి ఇది పెద్ద అండ. చక్రాల మీది బ్రేకు దిమ్మలు కాలకుండా బరువును అదుపులో ఉంచుతుంది.

షెడ్డులోని పని బయటికి కనిపించదు. రోజు లెక్కన, నెల లెక్కన, సంవత్సరం లెక్కన తనిఖీలుంటాయి. నూనె చుక్క వేళ్ల మధ్య రుద్ది అందులో ఇసుకలా ఏదైనా తగులుతోందా అని చూడడం, సిలిండర్ల మోతలో తేడా విని కనిపెట్టడం, బ్యాటరీలు బలహీనపడ్డాయని, యంత్రం ఆర్పితే మళ్లీ లేవదని ముందే పసిగట్టడం షెడ్డు ఫిట్టర్ల విద్య. బ్యాటరీల బెంగతోనే పాతకాలంలో స్టేషన్లో ఆగిన ఇంజిన్‌ను ఆర్పేవాళ్లు కాదు. ఊరికే నిలబడ్డా గంటకు 20 లీటర్లకు పైగా డీజిల్ ఖర్చయ్యేది. డీజిల్ ఇంజిన్‌కు రైల్వే లెక్కగట్టిన ఆయుష్షు 36 ఏళ్లు. సగం దారిలో పాటియాలా కార్ఖానాకు వెళ్లి కొత్త యంత్రం, కొత్త తీగలతో తిరిగొచ్చిన ఆల్కోలు 3,100 హార్స్‌పవర్ ఇంజిన్లయ్యాయి.

దేశమంతా రైలుదారుల మీద కరెంటు తీగలు వేయాలన్న నిర్ణయంతో ఈ ఇంజిన్లకు పని తగ్గింది. దిగుమతి చేసుకునే చమురు మీద ఖర్చు, పొగ, కరెంటు ఇంజిన్‌కు ఉండే బలం, మూడూ ఆ నిర్ణయం వైపే తూగాయి. అది సరైన నిర్ణయమే. వారణాసిలో రెండు ఆల్కోలను మార్చి 10,000 హార్స్‌పవర్ జంట కరెంటు ఇంజిన్‌గా తయారుచేశారు. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని దానికి జెండా ఊపారు. డీజిల్ షెడ్లలోకి కరెంటు ఇంజిన్లు వచ్చాయి. నిన్నటిదాకా ఆల్కో విప్పిన చేతులు ఈరోజు ట్రాన్స్‌ఫార్మర్ విప్పుతున్నాయి.

అయినా పాత ఇంజిన్లు తిరిగొస్తూనే ఉన్నాయి. బ్రిటన్‌లో ఈ తిరిగి రావడం ప్రయాణికుల బండ్లకే జరిగింది. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960, 1965 మధ్య 1,750 హార్స్‌పవర్‌తో కట్టిన క్లాస్ 37 ఇంజిన్లు 2015 మే నుంచి 2018 డిసెంబర్ దాకా కంబ్రియా తీరంలో బారో, కార్లైల్ మధ్య రోజువారీ బండ్లు లాగాయి. నారిచ్ నుంచి యార్మత్, లోవెస్టాఫ్ట్ వెళ్లే బండ్లకు 2019 దాకా అవే దిక్కయ్యాయి. వేల్స్‌లో కొత్త బండ్లు రావడం ఆలస్యం కాగా, 2019లో కార్డిఫ్ దగ్గరి రిమ్నీ లోయలోనూ అవే కనిపించాయి. 1976లో మొదలైన హైస్పీడ్ ట్రైన్ల డీజిల్ ఇంజిన్లను 2018 నుంచి స్కాట్లండ్ ఏడు నగరాల మధ్య నడిపింది. అభిమానులు కెమెరాలతో వరసకట్టారు. కానీ ఆ ఇంజిన్లను పిలిపించింది అభిమానం కాదు, బండ్ల కొరత. పిలిస్తే అవి రాగలిగాయంటే, వాటిని విడవకుండా కాపాడుకున్న కంపెనీలూ, వాటిని నడపడం తెలిసిన డ్రైవర్లూ అప్పటికే ఉండబట్టి.

పాతదానికి చెల్లించాల్సిన ధర ఏమిటో కూడా స్కాట్లండే చూపింది. 2020 ఆగస్టు 12న కార్మంట్ దగ్గర కుండపోత వానకు పట్టాల మీదికి కొట్టుకొచ్చిన రాళ్లను ఢీకొని హైస్పీడ్ ట్రైన్ ఒకటి పట్టాలు తప్పింది. ముగ్గురు చనిపోయారు. సరిగా కట్టని కాలువ దానికి మూలం. అయితే ఇప్పటి ప్రమాణాలతో కట్టిన పెట్టెలై ఉంటే నష్టం తక్కువగా ఉండే అవకాశం ఉందని దర్యాప్తు తేల్చింది. పాత ఇంజిన్‌ను పిలిచినప్పుడు దాని వెనక పెట్టెల వయసు కూడా లెక్కలో ఉండాలి.

భారతదేశంలో కారణం వేరు. 2012 జూలై చివర ఉత్తరాది కరెంటు గ్రిడ్ కుప్పకూలి వందల బండ్లు దారిలో ఆగినప్పుడు, డీజిల్ ఇంజిన్లు వెళ్లి వాటిని లాక్కొచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడి తీగలను, స్తంభాలను కూల్చింది. తీగలు మళ్లీ కట్టేదాకా డీజిల్ ఇంజిన్లతోనే బండ్లు కదిలాయి. పట్టా బాగుంటే చాలు, డీజిల్ ఇంజిన్‌కు పైనుంచి ఏదీ అక్కర్లేదు. ఏటా తుపానులు చూసే కోస్తాకు ఇది చిన్న సంగతి కాదు. సరిహద్దు అవతల కూడా వాటికి పని దొరికింది. భారత రైల్వే 2020 జూలైలో 10, 2023 మేలో మరో 20 బ్రాడ్‌గేజ్ డీజిల్ ఇంజిన్లు బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. ఇక్కడ తీగల కింద పని లేకుండా పోయినవి అక్కడ బండ్లకు కొత్త ఇంజిన్లయ్యాయి.

కాబట్టి కొన్ని ఇంజిన్లను అట్టిపెట్టుకోవడంలో పెద్ద వాదన లేదు. అసలు చిక్కు చేతులది. ఇంజిన్ తుప్పు పట్టకముందే అలవాటు తుప్పు పడుతుంది. లోకో పైలట్‌కు ఏ రకం ఇంజిన్ నడపాలన్నా ఆ రకంలో శిక్షణ, అర్హత ఉండాలి. ఏళ్లుగా కరెంటు ఇంజిన్ మాత్రమే నడిపిన వ్యక్తిని తుపాను రాత్రి పొడుగు పెట్టె ముందుకొచ్చే ఆల్కోలో కూర్చోబెట్టడం కుదరదు. ఆల్కో ఫిట్టర్లలో చాలామంది రిటైరయ్యారు. మిగిలినవారూ ఒక్కొక్కరే రిటైరవుతారు.

ఈ విషయంలో అమీర్‌పేట ఒక పాఠం నేర్పగలదు. మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థలు కొత్త సాఫ్ట్‌వేర్ కోర్సుల పక్కనే ఎన్నో ఏళ్లపాటు మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కూడా చెప్పాయి. బ్యాంకుల పాత వ్యవస్థలు నడిపేవాళ్లు కావాలి కనుక నేర్చుకునేవాళ్లు వచ్చారు, నేర్పేవాళ్లూ మిగిలారు. పాత విద్యకు ఎక్కడో ఒక తరగతి గది ఉంటే అది చావదు. ఆల్కోకు అలాంటి గది మ్యూజియం కాకూడదు. నడిచే బండి కావాలి.

దక్షిణ మధ్య రైల్వే, విశాఖ కేంద్రమైన దక్షిణ కోస్తా రైల్వే తమ షెడ్లలో ఒక్కోచోటైనా కొన్ని డీజిల్ ఇంజిన్లను యంత్రం లేచే స్థితిలో ఉంచాలి. కొత్తగా చేరే పైలట్లలో, ఫిట్టర్లలో కొందరిని పాతవాళ్ల పక్కన నిలబెట్టి ఆ పని నేర్పించాలి. నెలకు ఒక్క ప్యాసింజర్ బండినైనా, తీగలు బాగున్న రోజునే, డీజిల్ ఇంజిన్‌తో నడపాలి. పాతవాళ్లు రిటైర్ కాకముందే ఈ పని మొదలుపెట్టాలి.