ఎముక ఓర్చుకుంటుంది, చర్మం ఓర్చుకోదు

మా మధురవాడ అపార్టుమెంటు కుర్రాడొకడు ఏడాదిగా ఇంట్లోనే ట్రైనర్ స్టాండు మీద సైకిల్ తొక్కుతూ, ఈమధ్యే మళ్లీ రోడ్డెక్కాడు. కొమ్మాది, ఋషికొండ, అక్కణ్ణించి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి. నాలుగు రైడ్లు తిరిగేసరికి కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు. మంగమారిపేట దగ్గర టీ తాగుతూ ఆ బాధ చెప్పుకుంటే తోటివాళ్లంతా ఒకటే మాట: “పది రోజులు ఓర్చుకో, అలవాటైపోద్ది.” చెప్పినవాళ్లు బ్రెవేలనే 200 కిలోమీటర్ల దూరపు రైడ్లు తొక్కినవాళ్లు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

ఆ మాట సగమే నిజం. సీటు మీద మన బరువు మోసేవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. చాన్నాళ్లకి ఎక్కితే అవి నొప్పెడతాయి, కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. ఓర్చుకోమన్నది ఈ నొప్పికైతే సరే. పుండు సంగతి వేరు. గజ్జల్లో చెమట, పైన బరువు, మధ్యలో ఒరుపు. మూడూ కలిస్తే చర్మం చిట్లుతుంది, వెంట్రుక మొదట్లో సూక్ష్మజీవులు చేరి సెగగడ్డ లేస్తుంది. దాని మీదే మళ్లీ కూర్చుని తొక్కితే అలవాటవదు, ముదురుతుంది. మన సముద్రపు గాలిలో ఒంటి మీద చెమట ఆరదు కాబట్టి ఇంకా తొందరగా ముదురుతుంది.

ఆ అబ్బాయి మామూలు డ్రాయరు మీద ట్రాక్ ప్యాంటు వేసుకుని తొక్కుతున్నాడు. ఆ డ్రాయరు తిరగేసి చూడండి. నాలుగు మడతల లావున్న కుట్టు సరిగ్గా తొడ సందులోంచి వెళుతుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకి 4,800 సార్లు ఆ కుట్టు అదే చోట రాస్తుంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి జెల్ సీట్లతో నా పాత తగువు తెలుసు. మెత్తటి సీటులో ఎముక దిగబడిపోతుంది, బరువంతా పక్కనున్న మెత్తటి కండ మీద పడుతుంది, ఒరుపు పెరుగుతుంది. సైకిల్ పేరు చెప్పి అమ్మే సరుకుల్లో ముప్పాతిక మనకి అక్కర్లేదని ఎన్నోసార్లు రాశాను. ఆ లెక్కన ప్యాడ్ కుట్టిన ఖరీదైన నిక్కరు కూడా దండగే అనాలి. మా నాన్నగారి తరం ఏ ప్యాడూ లేకుండానే తొక్కింది కదా అని రాద్దామనే కూర్చున్నాను.

నాన్నగారిది షిప్‌యార్డులో ఉద్యోగం. కంచరపాలెం నించి సింధియాకి రోజూ సైకిలే. స్ప్రింగుల సీటు, దాని మీద రెక్సిన్ కవరు, ఖాకీ ప్యాంటు. ఎండాకాలంలో కొన్ని రాత్రులు ఆయన అన్నం నిలబడి తినేవారు. కంచం కిటికీ గట్టు మీద పెట్టుకుని, గోడకి భుజం ఆనించి. అమ్మ ఏమీ అడక్కుండా కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టి పెరట్లో పెట్టేది. ఆయనకి అలా తినడం ఇష్టమేమో అనుకునేవాళ్లం పిల్లలం. తెల్లారితే మళ్లీ డ్యూటీ, మళ్లీ అదే సీటు. ఆ తరానికి పుళ్లు పడలేదని అంటారు. పడ్డాయి. సెలవు పెట్టడానికి అది కారణమని ఎవరికీ చెప్పుకోలేకపోయారు, అంతే.

సైకిల్ తొక్కడమే బతుకైన వీరులకీ ఇది తప్పలేదు. 1987లో ఐర్లండు వాడు షాన్ కెలీ స్పెయిన్ పందెంలో అందరికన్నా ముందున్నాడు. ముగింపు ఇంకా కొద్ది రోజులే. సీటు పుండు వల్ల పందెం వదిలేసి దిగిపోయాడు. 1989 టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజున లోరాఁ ఫిన్యోఁ ఇదే బాధతో తొక్కి, మూడు వారాల పందెం 8 సెకన్ల తేడాతో పోగొట్టుకున్నాడు. వాళ్లకి ఓర్పు తక్కువని ఎవరంటారు?

కాబట్టి ఆ అబ్బాయికి ప్యాడ్ నిక్కరు కొనుక్కోమనే చెప్పాను. లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఒరుసుకునే చోట కాస్త వాసెలిన్ రాసుకోవాలి. ఇంటికి రాగానే కబుర్లకి కూర్చోకుండా స్నానం చెయ్యాలి, నిక్కరు ఉతికి ఎండలో వెయ్యాలి, ఉతకనిది రెండోసారి తొడగకూడదు. గడ్డని నొక్కకూడదు. అది మానేదాకా సైకిలెక్కకూడదు. జ్వరమొచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా డాక్టరుకి చూపించాలి. షుగరున్నవాళ్లయితే అంతదాకా ఆగకూడదు.

“ట్రైనర్ మీద ఇలా లేదు కదా బాబాయ్” అన్నాడు. సైకిల్ కిందికి తెచ్చాక సీటు చూశాను. ఎత్తు ఎక్కువైంది. పెడల్ అడుక్కి వెళ్లినప్పుడల్లా కాలు అందక నడుం అటూ ఇటూ ఊగుతోంది, ఋషికొండ ఎక్కుడులో మరీను. ఆ ఊపే చర్మాన్ని రాస్తోంది. మడమ పెడల్ మీద ఆనించి, కాలు నిటారుగా చాచుకునేంత వరకూ సీటు దించాం. పుండు తగ్గాక మొదటి వారం తొట్లకొండ దాకా వెళ్లి వెనక్కి వచ్చెయ్యమన్నాను, మధ్యమధ్య పెడల్ మీద లేచి నిలబడుతూ.